జుమాబాయ్ పేరు మీద

అక్టోబర్ 14, మంగళవారం

నా స్నేహితుడు జుమాబాయ్‌ని మట్టిలో పెట్టి వచ్చాం.

అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. వాకిట్లో వేసిన తెల్ల గుడారం కనబడగానే, చేతికర్ర మీద వాలి, "నా కొండా, నన్నొదిలి పోయావా" అని మొదలుపెట్టాను. నన్ను చూసి మిగతా మగవాళ్ళు కూడా అందుకున్నారు. లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి రాగాలు తీస్తున్నారు. అందులో వాడి భార్య కల్బూబూ గొంతు నాకు విడిగా వినబడుతూనే ఉంది. ముప్పై ఏళ్ళు మొగుడితో కాపురం చేసిన గొంతు అది.

ప్రార్థనకి ముందు కొడుకు మిర్లాన్ శవం పక్కన నిలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం అడిగాడు: "మా నాన్న ఎలాంటి మనిషి?" మూడొందల మందీ ఒక్క గొంతుతో అన్నాం: "మంచి మనిషి." నేనూ అన్నాను.

తర్వాత వాడు అన్నాడు: "మా నాన్న ఎవరికన్నా బాకీ ఉంటే ఇక నన్నడగండి. అది నాది. మా నాన్నకి ఎవరన్నా బాకీ ఉంటే, అది మాఫీ. మనస్ఫూర్తిగా వదిలేశాను."

అందరి నాన్నలకీ అందరు కొడుకులూ చెప్పే మాటే. నేనూ మా నాన్న పోయినప్పుడు చెప్పాను. ఒకడొచ్చి గుర్రపు జీను డబ్బులని రెండొందల సోమ్‌లు పట్టుకుపోయాడు.

నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. చెప్పాలనే అనుకున్నాను. ముల్లా తొందరపడ్డాడు. వరుసలు కట్టేశారు.

అక్టోబర్ 15

నా కుట్టు కార్ఖానాలో కూర్చుని రాస్తున్నాను. పని లేకపోయినా పొద్దున్నే వచ్చి తాళం తీయడం అలవాటైపోయింది. కటింగ్ టేబుల్ మీద నిన్నటి సుద్దపొడి కూడా లేదు, నెలన్నర కిందటిది ఉంది.

ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. మార్చిలో నాకు చలికోట్ల ఆర్డర్ వచ్చింది, పదకొండు వందలు, రష్యాలో అమ్మే వ్యాపారి. గుడ్డకి, జిప్పులకి, దూదికి డబ్బు కావాలి. నా పేరు మీద అప్పటికే ఒక అప్పు ఉంది, రెండోది కుదరదన్నారు అప్పుల ఆఫీసు వాళ్ళు. జుమాబాయ్ పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు, ఎక్కడా పైసా బాకీ లేదు. ఇల్లు తాకట్టు పెట్టి, తన పేరు మీద ఆరు లక్షల సోమ్‌లు తీసి, సంచీతో సహా నా చేతిలో పెట్టాడు.

కాగితం రాసుకుందామన్నాను. "కాగితం ఆఫీసుకి. మనకి ఇది చాలు," అని రొట్టె తుంచి సగం నాకిచ్చాడు. "నీ వాయిదా ఒక్కటి తప్పినా ఈ రొట్టె నన్ను కొట్టుగాక" అని తిన్నాను. ఇంట్లో వాళ్ళకి చెబుదామా అంటే నవ్వాడు. "ఆడవాళ్ళకి చెబితే టీ చల్లారేలోగా తొక్మోక్ ఊరంతా తెలుస్తుంది. వద్దులే."

నాలుగు వాయిదాలు తీసుకెళ్ళి వాడి చేతికిచ్చాను. వాడే వెళ్ళి కట్టేవాడు. ఆగస్టు నుంచి ఇవ్వలేదు. ఎప్పుడు కలిసినా "చూద్దాంలే, కోట్లు అమ్ముడుపోనీ" అనేవాడు. కోట్లు అమ్ముడుపోలేదు. ఆ వ్యాపారి ముంచాడు నన్ను. ఆదివారం జుమాబాయ్ ఆవుకి గడ్డి వేస్తూ వేస్తూ కూలబడ్డాడు.

కాబట్టి ఈ సంగతి తెలిసినవాడు భూమి మీద నేనొక్కణ్ణే.

అక్టోబర్ 16, గురువారం

నా పెళ్ళాం సోనున్ నూనెలో బోర్సోక్ పిండి ముక్కలు వేయిస్తోంది, గురువారం ప్రతి ఇంట్లోలాగే, పోయినవాళ్ళకి వాసన అందాలని. ఈసారి జుమాబాయ్ పేరు కూడా చెప్పి వేసింది. నేను లేచి బయటికొచ్చాను.

అక్టోబర్ 20

కుర్రాడు ఏమన్నాడు? మాఫీ అన్నాడు. మూడొందల మంది విన్నారు. అందులో నేనూ ఉన్నాను. అంటే నాకూ వర్తిస్తుంది కదా. నేనడగలేదు, వాడే అన్నాడు.

ఇదే మాట ముల్లా దగ్గర చుట్టూ తిప్పి అడిగాను. "ఒకడు బాకీ ఉన్నాడనుకోండి. కొడుకు మాఫీ అన్నాడు. ఇక వాడికి తీరిపోయినట్టేనా?"

ముల్లా సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. "ఆ ఒకడు నువ్వేనా, ఎసెన్?"

"నేనెందుకవుతాను. మాటవరసకి అడిగాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చేశాను. ఆయనేం పట్టించుకోలేదు. "మాఫీ చేసేవాడికి దేన్ని మాఫీ చేస్తున్నాడో తెలియాలిగా. తెలియకుండా అన్న మాట గాలి మాట. పైగా బాకీ తీరేదాకా పోయినవాడి ప్రాణం మధ్యలో వేలాడుతూ ఉంటుంది," అన్నాడు.

కానీ ఆయన చిన్న ముల్లా. పెద్ద మసీదులో అడిగితే ఇంకోలా చెప్పొచ్చు.

అక్టోబర్ 23

కోర్టు అమీనా వచ్చాడు, నా పేరు మీదున్న నా అప్పుకి. మర్యాదస్తుడే, బూట్లు గుమ్మంలో విప్పాడు. "వ్యాపారం మునిగింది, ఇల్లేం చేసింది?" అని సోనున్ అడిగితే ఓపిగ్గా చెప్పాడు. పెద్ద కంపెనీ పెట్టుకున్నవాళ్ళకి కంపెనీ వేరు, మనిషి వేరట. నేను రిజిస్టర్ చేసుకున్నది నా పేరుతో ఒంటరి వ్యాపారిగా. అందుకని కార్ఖానా అప్పు అంటే నా అప్పే. మిషన్లు, ఫ్రిజ్, టీవీ, అన్నీ రాసుకున్నాడు. నా పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. పనిముట్టు ఒకటి వదలొచ్చట.

"మిషన్లు ఎనిమిదేనా?" అన్నాడు.

"ఎనిమిదే."

పద్నాలుగు ఉండేవి. మంచివి ఆరు, అంచులు కుట్టే ఓవర్‌లాక్‌తో సహా, పోయిన నెలలోనే సోనున్ అక్క ఇంటి కొట్టంలో గడ్డి కింద పెట్టించాను. వసంతంలో వాటితోనే మళ్ళీ మొదలుపెడతాను. మొదలుపెడితే నెమ్మదిగా జుమాబాయ్ వాళ్ళదీ తీర్చేస్తాను. అందుకనే దాచాను. ముఖ్యంగా అందుకనే.

అక్టోబర్ 29

మిర్లాన్ కార్ఖానాకి వచ్చాడు. మినీబస్సు వీధిలో ఆపి, ఇంజను ఆపకుండా.

"బాబాయ్, అప్పుల ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చారు. నాన్న మార్చిలో ఆరు లక్షలు తీశాడంట. ఇంకా అయిదు లక్షల ఇరవై వేలు కట్టాలంట. నీకేమన్నా చెప్పాడా?"

"నాకేం చెబుతాడు."

"నీకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడుగా."

"వయసు మీద పడ్డాక మనుషులు మారతారు, మిర్లాన్."

ఈ మాట ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

వాడు కాసేపు ఖాళీ మిషన్ బల్లలు చూశాడు. ఎవరో లాయరు చెప్పాడట, తండ్రి ఆస్తి మాకొద్దని రాసిచ్చేస్తే అప్పు కూడా అంటదని, ఇల్లొక్కటే పోతుందని. "అమ్మని ఎక్కడ పెట్టను? అయినా అదంతా కాగితం మాట బాబాయ్. నేను అంతమంది ముందు నిలబడి బాకీ నాది అన్నాను. బస్సు అమ్మేస్తా."

"తొందరపడకు," అన్నాను. సలహా ఇచ్చాను నేను. ఆ బస్సు మీదే వాడి పెళ్ళాం బిడ్డలు బతుకుతున్నారు.

అక్టోబర్ 30

చెప్పేవాణ్ణే. ఇంజను నడుస్తూనే ఉంది, కుర్రాడు తొందరలో ఉన్నాడు.

నవంబర్ 4

బజారులో టీకొట్టు. పక్క బల్ల మీద నలుగురు. జుమాబాయ్ ఆరు లక్షలు ఏం చేశాడు అన్నదే చర్చ. పేకాట అన్నాడొకడు. పశువుల డాక్టరుకి పేకాటేమిటి, కాంత్ ఊళ్ళో ఎవరో విధవరాలు ఉందట, దానికి ఇల్లు కొనిపెట్టాడు అన్నాడు ఇంకొకడు. "మెత్తగా ఉండేవాళ్ళే గుంభనంగా చేస్తారు," అని తలాడించాడు మూడోవాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నెల తిరక్కుండానే ఆ కళ్ళలో దుమ్ము కొడుతున్నారు. వీళ్ళంతా ఆ రోజు "మంచి మనిషి" అన్నవాళ్ళే. లేచి నాలుగు తిట్టాలనిపించింది.

టీ తాగి, డబ్బులిచ్చి వచ్చేశాను.

నవంబర్ 7

కల్బూబూ వదిన కబురు పెట్టింది. వెళ్ళాను. నల్లబట్టల్లో సగం మనిషైపోయింది. రొట్టె, వెన్న, జామ్ పెట్టి టీ పోసింది. రొట్టె ముట్టలేదు. కడుపు బాగా లేదన్నాను.

"ఎసెన్, ఒక్కటే అడుగుతాను. నువ్వు ఆయన స్నేహితుడివి, దాచక్కర్లేదు. ఆడదేనా?"

"ఏంటి వదినా ఆ మాట."

"బజారంతా అనే మాటే. పేకాటైతే నేను పసిగట్టేదాన్ని, జేబులు నేనే ఉతుకుతాను కదా. ఇంకేముంటుంది? ఆడదైతే ఆడదని చెప్పు. కోపమొచ్చి ఏడవడం మానేస్తాను. కాదంటే కాదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. అటూ ఇటూ కాకుండా ఏడవడం నా వల్ల కావట్లేదు."

"తెలీదు వదినా," అన్నాను.

కాదు అనొచ్చు. ఆ ఒక్క మాట అన్నా చాలేది. కాదంటే మరేమిటని అడుగుతుంది కదా. అందుకని తెలీదన్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, టీ మాత్రం రెండు గిన్నెలు తాగాను.

నవంబర్ 8

జిప్పులు.

వ్యాపారి ముంచాడని అందరికీ చెబుతున్నాను. పైన నేనే రాసుకున్నాను కూడా. వాడు ముంచలేదు. మాట్లాడుకున్న జిప్పులు కాకుండా సగం ధర జిప్పులు వేశాను నేను. సైబీరియా చలిదాకా కూడా ఆగలేదు, అక్కడ తీసి వేసి చూస్తుండగానే పళ్ళు విరిగి కోట్లు నోళ్ళు తెరిచాయి. మొదటి మూడొందలు తిప్పి పంపాడు. మిగతావి తీసుకోనన్నాడు. జిప్పుల్లో నేను మిగిల్చింది నలభై వేలు. ఆ నలభై వేల కోసం జుమాబాయ్ ఇల్లు.

వాడికి కూడా చెప్పలేదు ఈ సంగతి. "చూద్దాంలే" అంటూనే పోయాడు.

నవంబర్ 11

మిర్లాన్ బస్సు అమ్మేశాడు. రెండు ఆవుల్ని కూడా. అప్పుల ఆఫీసులో మొత్తం కట్టేసి ఇంటి కాగితాలు తెచ్చుకున్నాడని చెప్పుకుంటున్నారు.

మధ్యాహ్నం స్టాపులో నిలబడి ఉంటే అదే బస్సు వచ్చింది. అద్దం మీద చిన్నప్పుడు వాడి కూతురు అంటించిన బాతు బొమ్మ అలాగే ఉంది. నడిపేది మిర్లానే. కొన్నవాడి దగ్గర రోజుకూలికి నడుపుతున్నాడు, తన బస్సునే.

"ఎక్కు బాబాయ్," అన్నాడు. ఎక్కాను. దిగేటప్పుడు డబ్బులిస్తే తీసుకోలేదు. "నీ దగ్గరేం తీసుకుంటాను," అని తలుపు వేసేశాడు.

ఈ రోజు ఇంకేం రాయలేను.

నవంబర్ 12

రొట్టె గొంతు దిగడం లేదు. సోనున్ బంగాళాదుంపలు ఉడికించి పెడుతోంది. ఏమైందని అడగదు. ఓరకంట చూస్తుంది.

నవంబర్ 13, గురువారం

చెప్పేశాను. సోనున్‌కి.

పొయ్యి దగ్గర నిలబడి ఉంది, నూనె కాగుతోంది. పిండి ముక్కలు వేయబోతూ, "జుమాబాయ్ బావకి అందాలి," అంది. నాకేమైందో, అక్కడే పీట మీద కూలబడి మొదట్నించీ చెప్పుకొచ్చాను. ఆరు లక్షలు, రొట్టె మీద ఒట్టు, మిర్లాన్, బస్సు, వదినకి చెప్పిన అబద్ధం, జిప్పులు. మొత్తం.

ఆమె పొయ్యి కట్టేసింది.

"నాలుగు గురువారాలు వేయించాను," అంది. "ఇంత నూనె తగలేశాను. మధ్యలో నువ్వు అడ్డంగా నిలబడి ఉంటే ఆయనకి వాసన ఎట్లా అందుతుందయ్యా?"

"ఏం చేయమంటావు?"

"నన్నడుగుతున్నావా? మార్చిలో అడగాల్సింది."

గరిటె పక్కన పెట్టి తనే అంది. "మా అక్క కొట్టంలో ఉన్నవి ఎంతకి పోతాయి?"

"అవి పోతే నేను మళ్ళీ లేవలేను, సోనున్."

"ఇప్పుడు మాత్రం లేచి ఉన్నావా? నువ్వు అసలు నిద్ర పోతున్నావా?"

వేయించకుండా మిగిలిపోయిన పిండి కోళ్ళకి వేసింది.

నవంబర్ 17

ఆరు మిషన్లూ అమ్మాను. లక్షా నలభై వేలు. కొన్నవాడు నా దగ్గర ఒకప్పుడు గుండీలు కుట్టడం నేర్చుకున్నవాడే. ఇప్పుడు వాడికి ఇరవై మిషన్లు. "రేపట్నించి కటింగ్‌కి రా మాస్టారూ, జీతమిస్తా," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. వస్తానన్నాను.

అమీనాకి తెలిస్తే నా మీద ఇంకో కాగితం పుడుతుంది. పుట్టనీ.

నవంబర్ 19

రేపు నలభయ్యో రోజు విందు. మిర్లాన్‌ని పక్కకి పిలిచి చెబితే సరిపోతుంది. లేదా వదినకి విడిగా. అందరిలో ఎందుకు? మనిషికి పరువన్నది ఉంటుంది కదా. జుమాబాయ్ అయినా అదే అనేవాడు, గోల ఎందుకురా అని.

వాడి పరువు మాత్రం టీకొట్టులో ఉంది.

నవంబర్ 20

ఇవాళ్టిది జాగ్రత్తగా రాయాలి.

గుర్రాన్ని కోశారు. అప్పు చేసే కోసుంటాడు మిర్లాన్. మగవాళ్ళం పెద్ద గదిలో, రెండు వరుసలుగా. మాంసం అయింది, సూప్ అయింది, ఖురాన్ చదవడం అయింది. చివరి దీవెనకి అందరూ చేతులు చాపారు. నేను లేచాను. పక్కవాడి భుజం పట్టుకున్నాను.

"చేతులు దించండి," అన్నాను. "ఇంకా అవలేదు. ఆ రోజు మిర్లాన్ అడిగాడు, నాన్న ఎలాంటి మనిషని. మంచి మనిషన్నాం. తర్వాత పేకాట అన్నారు, ఆడది అన్నారు. జుమాబాయ్ ఆ ఆరు లక్షలు నాకోసం తీశాడు. ఒక్క సోమ్ వాడు తినలేదు. అంతా నా కోట్లలోకి పోయింది. కోట్లు పాడు చేసింది కూడా నేనే. నేను నలభై రోజులు నోరు మూసుకుని వీళ్ళింటి టీ తాగాను. ఆ బాకీ నాది."

లైనింగ్ గుడ్డలో కట్టిన డబ్బు మిర్లాన్ ముందు పెట్టాను. "ఇది లక్షా నలభై. మిగతాది నెలకి ఇరవై వేలు. పందొమ్మిది నెలలు."

చాపిన చేతులు ఒక్కొక్కటే మోకాళ్ళ మీదికి దిగాయి.

మిర్లాన్ ఆ మూట వైపు చూడను కూడా చూడలేదు. ముఖం ఎర్రబడిపోయింది. కొడతాడేమో అనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. "తీసుకెళ్ళు బాబాయ్," అన్నాడు. "మా నాన్నకి ఎవరు బాకీ ఉన్నా మాఫీ అన్నాను ఆ రోజు. నీ పేరు తప్ప అనలేదు కదా. మాట తిరగ్గొడితే నేనేం కొడుకుని?"

"మాట మాటే," అన్నాడొక పెద్దాయన. నలుగురు తలాడించారు.

నా సిగ్గుమాలిన ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. అది కూడా రాస్తున్నాను. ఆరు మిషన్లు మళ్ళీ కొనొచ్చు అని కూడా అనిపించింది. వెంటనే ఇంకొకటి తట్టింది. ఇలా వదిలేస్తే ఈ ఊళ్ళో నేను చచ్చేదాకా మాఫీ అయిన మనిషిగా తిరగాలి. మిర్లాన్ నా ముందు నుంచి కూలికి బస్సు తోలుకుంటూ పోతాడు, "ఎక్కు బాబాయ్" అంటాడు.

అప్పుడు గుమ్మంలోంచి కల్బూబూ వదిన గొంతు వినిపించింది. మగవాళ్ళ గదిలోకి ఆడవాళ్ళు రారు. ఆమె వచ్చింది. చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది.

"మాఫీ చేసింది వీడు," అంది కొడుకుని చూపించి. "వీడు మాట తప్పొద్దు. కానీ ఆ రోజు నేను లోపల గోడకి తిరిగి ఏడుస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. మార్చిలోనూ అడగలేదు, ఆ ఇంటికి నా చేతులతో సున్నం వేసినా సరే. నేను మాఫీ చేయలేదు."

"అమ్మా," అన్నాడు మిర్లాన్.

"నువ్వుండు." వచ్చి మూట తీసి పళ్ళెంలో పెట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "లేని ఆడదానితో మూడు వారాలు పోట్లాడాను, ఎసెన్. దాని ముక్కెలా ఉంటుందో కూడా అనుకున్నాను. ఆయన్ని సమాధిలో ఉండగా తిట్టాను. ఆ బాకీకి నెలవారీ వాయిదా లేదు. అది నువ్వు తీర్చలేవు."

"తీర్చలేను వదినా."

"డబ్బు మాత్రం ఒకటో తారీఖు. నా చేతికి. వీడికి కాదు."

"అలాగే."

"ఒకటి తప్పితే బజారుకొచ్చి అడుగుతాను. టీకొట్టు ముందు నిలబడి."

అలాగే అన్నాను. ఏడుపొచ్చింది. ఆ రోజు కర్ర మీద వాలి ఏడ్చినట్టు కాదు, శబ్దం రాలేదు. ముల్లా "ఇక చేతులు చాపండి" అన్నాడు. చాపాం.

వచ్చేటప్పుడు టీకొట్టు వాళ్ళలో ఒకడు నన్ను దాటుకుని వెళ్ళి మిర్లాన్ చెయ్యి పట్టుకుని, "మీ నాన్న మంచి మనిషి," అన్నాడు. నన్నెవరూ పలకరించలేదు. సోనున్ వాకిట్లో నా టోపీ పట్టుకుని నిలబడి ఉంది.

డిసెంబర్ 1

కటింగ్ పని నుంచి సరాసరి వెళ్ళాను. మొదటి ఇరవై వేలు. వదిన రెండుసార్లు లెక్కపెట్టుకుంది, నా ఎదురుగానే. లోపలికి రమ్మంది. మిర్లాన్ ఉన్నాడు, చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. పోనీ.

టీ పోసింది. రొట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"కడుపు ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉంది."

"అయితే తుంచు."

తుంచాను. సగం ఆమెకిచ్చాను. ఆమె తీసుకుంది, తినలేదు, బల్ల మీద పెట్టుకుంది. నేను తిన్నాను.

వచ్చే నెల ఒకటో తారీఖు గురువారం పడింది. నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో నూనె కాగుతూ ఉంటుంది.